అరవై నాలుగేళ్లకు మౌంటెన్ బైక్: ముందు ఎక్కడం, దిగడం చూసుకోండి

ప్రశ్న: నా వయసు 64. వికారాబాద్‌లో ఉంటాం. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలా ఏళ్లు పెద్ద సైకిల్ మీదే బడికి వెళ్లేవాణ్ని. బండి కొన్నాక అది మూలన పడింది. ఇప్పుడు పొద్దున పూట అనంతగిరి వైపు, కుదిరితే అడవిలో మట్టి దారుల్లో తిరగాలని మౌంటెన్ బైక్ కొందామనుకుంటున్నాను. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 72 కిలోలు. మెట్లెక్కితే మోకాళ్లు నొప్పి, కాసేపు వంగితే నడుము పట్టేస్తుంది. బీపీ మందు వాడుతున్నాను. సైకిల్ తొక్కొచ్చని డాక్టర్ చెప్పారు. స్నేహితుడి కొడుకు సైకిల్ తొక్కి చూస్తే కాలెత్తి ఎక్కడమే కష్టమైంది, పావుగంటకే వేళ్లు తిమ్మిరెక్కాయి. ముందూ వెనకా షాక్‌లున్న సైకిల్ ఆన్‌లైన్‌లో పంపిస్తానని మా అబ్బాయి, లావు టైర్ల ఫ్యాట్ బైక్ తీసుకోమని షాపతను. నేను ఎక్కడ పడిపోతానోనని మా ఆవిడకు టెన్షన్. 30,000 వరకు పెట్టగలను. ఏది కొనమంటారు?

సమాధానం: సార్, నమస్కారం. మీ అబ్బాయి చెప్పిందీ వద్దు, షాపతను చెప్పిందీ వద్దు. ముందు మాత్రమే షాక్ ఉండి వెనక లేని మామూలు మౌంటెన్ బైక్ మీకు సరిపోతుంది. షాపుల్లో దాన్ని హార్డ్‌టెయిల్ అంటారు. టైరు వెడల్పు 2.1 నుంచి 2.25 అంగుళాల మధ్య ఉండాలి. పై రాడ్డు బాగా కిందికి వాలి ఉండాలి. హ్యాండిల్ సీటు ఎత్తుకైనా రావాలి, కొంచెం పైకి ఉంటే ఇంకా మంచిది. ఎత్తు ఎక్కడానికి బాగా తేలికైన గేరు ఒకటి ఉండాలి. ఇవి కుదిరితే కంపెనీ ఏదైనా నాకు అభ్యంతరం లేదు.

షాపులో అందరూ గేర్లెన్ని, డిస్క్ బ్రేకుందా, షాక్ ఎంత లోపలికి పోతుంది అని అడుగుతారు. మీరు ముందు చూసుకోవాల్సింది ఎక్కడం, దిగడం. నెదర్లాండ్స్‌లో డెబ్బై దాటినవాళ్లు కూడా రోజూ సైకిల్ మీదే తిరుగుతారు. వయసు పైబడినవాళ్లు సైకిల్ మీంచి పడటం గురించి అక్కడ పరిశీలించినవాళ్లు గమనించింది ఒకటుంది. వేగంగా పోతున్నప్పుడే కాదు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, మరీ నెమ్మదిగా పోయేటప్పుడు కూడా చాలామంది పడుతున్నారు. మట్టి దారిలో మనం అనుకున్న చోట ఆగడం ఉండదు. ఎదురుగా బర్రెలు వస్తాయి, మలుపులో ట్రాక్టర్ వస్తుంది, ముందు చక్రం కింద రాయి దొర్లుతుంది. ఆ క్షణంలో సీటు మీంచి ముందుకు జారి కాలు నేల మీద ఆనించగలగాలి. రాడ్డు అడ్డు పడితే అక్కడే పడిపోతాం. మీ ఆవిడ భయానికి అర్థం ఉంది.

అందుకే షాపులో మొదటి పరీక్ష ఇది. రోజూ వేసుకునే బూట్లతో రాడ్డుకు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడండి. రాడ్డుకూ మీకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. మీరు మట్టి దారుల్లో తిరుగుతారు కాబట్టి మూడు ఉంటే మరీ మంచిది. కాలు వెనక నుంచి ఎత్తి వెయ్యలేకపోతే సైకిల్‌ని మీ వైపు బాగా వాల్చండి, సీటు కిందికొస్తుంది, అప్పుడు కాలు తేలిగ్గా దాటుతుంది. బ్రేకులు రెండూ నొక్కి పట్టుకోవడం మాత్రం మర్చిపోవద్దు. ఇలా నాలుగైదు సార్లు ఎక్కి దిగండి. ఇబ్బందిగా ఉంటే ఆ సైకిల్ ఎంత మంచిదైనా పక్కన పెట్టేయండి. కొన్ని కంపెనీలు ఆడవాళ్లకని అమ్మే మౌంటెన్ బైక్‌లలో రాడ్డు ఇంకా కిందికి ఉంటుంది. మీ సైజు అందులో దొరికితే మొహమాటపడకుండా తీసుకోండి. లేడీస్ సైకిల్ అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, కింద పడేది వాళ్లు కాదు.

సైజు దగ్గర మీకు ఒక తికమక రావచ్చు. మీరు తొక్కిన పాత సైకిళ్లు 22, 24 అంగుళాల ఫ్రేములు. ఇప్పుడు షాపతను 16 అన్నా, 17 అన్నా పిల్లల సైకిలేమో అనిపిస్తుంది. కాదు. ఆ అంకె సీటు కింద నిలువు గొట్టం పొడవు. పాత సైకిళ్లలో పై రాడ్డు అడ్డంగా తిన్నగా ఉండేది, ఇప్పటి వాటిలో వాలుగా ఉంటుంది కాబట్టి ఆ గొట్టం పొట్టిదవుతుంది. మీ ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు. చాలా కంపెనీల పట్టికల్లో అది స్మాల్‌కీ మీడియంకీ సరిహద్దులో పడుతుంది. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ స్మాల్ అంత ఉండొచ్చు కాబట్టి అక్షరం చూసి కొనకండి. చిన్నది తీసుకుంటే ఒళ్లు ముందుకు సాగాల్సిన పని తగ్గుతుంది, కానీ హ్యాండిల్ కూడా కిందికే ఉండిపోతుంది. పెద్దదైతే హ్యాండిల్ పైకొస్తుంది, చేతులు సాగుతాయి. రెండూ ఎక్కి కూర్చుని, మోచేతులు కాస్త వంగి, భుజాలు చెవుల దగ్గరికి లేవకుండా ఏది ఉంటుందో అది మీది.

మీ స్నేహితుడి కొడుకు సైకిల్ మీద వేళ్లు తిమ్మిరెక్కింది కూడా ఇందుకే అయ్యుంటుంది. కుర్రవాళ్ల కోసం చేసిన సైకిళ్లలో హ్యాండిల్ తక్కువలో, దూరంగా ఉంటుంది. ఒంటి బరువంతా అరచేతుల మీదికి వస్తుంది. చిటికెన వేలు వైపు అరచేతి మొదట్లో ఒక నరం పైపైనే పోతుంది, అది నలిగితే వేళ్లు మొద్దుబారతాయి. దీనికి మెత్తటి గ్లౌజులు కొనిపిస్తారు గానీ, అసలు మందు హ్యాండిల్ ఎత్తడం. పైసా ఖర్చు లేని ఉపాయం ముందు చెప్తాను. హ్యాండిల్‌ని ఫ్రేముకు కలిపే పొట్టి ముక్కను స్టెమ్ అంటారు. చాలా సైకిళ్లలో దాన్ని విప్పి తలకిందులుగా బిగిస్తే హ్యాండిల్ కొంత పైకి లేస్తుంది. మెకానిక్‌కి పది నిమిషాల పని. అది చాలకపోతే పైకి వంపు ఉన్న రైజర్ హ్యాండిల్, చివర్లు కాస్త మన వైపు తిరిగి ఉన్నది వేయించండి. అరచేతి మొదలు ఆనేలా వెనక రెక్కలాగా వెడల్పుగా ఉండే గ్రిప్పులు దొరుకుతాయి, అవీ వేయించండి. బ్రేకు లివర్లు చెయ్యి చాపితే మణికట్టు తిన్నగా ఉండే కోణంలో బిగించాలి. సైకిల్ దిగాక కూడా, రాత్రిళ్లు కూడా తిమ్మిరి ఉంటే అది సైకిల్ గొడవ కాదు, షుగరూ మెడా ఒకసారి చూపించుకోండి.

ఇక మీ అబ్బాయి అంటున్న వెనక షాక్ సంగతి. వెనక షాక్ బాగా పనిచేసే సైకిళ్లు ఉన్నాయి, కానీ వాటి ధర లక్ష దాటాకే మొదలవుతుంది. 30,000 లోపు వచ్చేవాటిలో ఉండేది ఒక స్ప్రింగు, నాలుగు కీళ్లు. తొక్కిన ప్రతిసారీ స్ప్రింగు ఊగుతుంది, మీ కాలి బలంలో కొంత దాన్ని నొక్కడానికే పోతుంది. బరువు పెరుగుతుంది. వానలో, దుమ్ములో తిరిగితే కీళ్లు వదులై కిర్రుమంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇది సుఖం కాదు, అదనపు చాకిరీ. ఫ్యాట్ బైక్ టైరు నాలుగంగుళాలుంటుంది. ఇసుకలో, మంచులో దిగబడకుండా పోవడానికి పుట్టిన సైకిల్ అది. అనంతగిరి ఎర్రమట్టికీ, వికారాబాద్ తారు రోడ్డుకీ అంత టైరు అక్కర్లేదు, ఎత్తులో దాన్ని లాగలేక మధ్యలోనే దిగి నడిపిస్తారు.

మౌంటెన్ బైక్ ఎలా పుట్టిందో చూస్తే షాక్‌ల మీద మోజు కొంచెం తగ్గుతుంది. 1970లలో కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్లు కొందరు 1930ల, 40ల నాటి ష్విన్ అనే అమెరికన్ కంపెనీ పాత సైకిళ్లను మౌంట్ టామల్‌పాయిస్ కొండ మీద మట్టి దారుల్లో దించేవాళ్లు. అవి లావు టైర్లు, వెడల్పు హ్యాండిళ్లు ఉన్న, నిటారుగా కూర్చుని తొక్కే బరువు సైకిళ్లు. 1976 నుంచి అక్కడ రీప్యాక్ అని పందేలు కూడా పెట్టారు. దిగేసరికి వెనక చక్రం బ్రేకులో గ్రీజు కాలిపోయేది, మళ్లీ కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది, ఆ పేరు అలా వచ్చింది. ముందు షాక్‌లు బజారులోకొచ్చింది 1989 ప్రాంతంలో, రాక్‌షాక్స్ కంపెనీతో. అంతకు ముందు పుష్కరానికి పైగా ఆ కొండల మీద కుదుపులు ఆపింది లావు టైర్లలో గాలే. మీకూ సగం సుఖం అక్కడి నుంచే వస్తుంది.

షాపులో అడిగితే టైరు రాయిలా అయ్యేదాకా, 50, 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టిస్తారు. పాత సైకిల్ అలవాటు ఉన్న మనకూ బొటనవేలితో నొక్కితే దిగకుండా ఉండటమే ఇష్టం. అంత గాలితో మట్టి దారిలో ప్రతి గులకరాయీ వెన్నులో తెలుస్తుంది. మీ బరువుకి, 2.2 అంగుళాల టైరుకి ముందు 28, వెనక 32 దగ్గర మొదలుపెట్టండి. ఎక్కువగా తారు రోడ్డే అయితే 40 దాకా పెంచుకోవచ్చు. 25 కంటే దించితే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకి నలిగి పంక్చరవుతుంది. మీటర్ ఉన్న చేతి పంపు ఇంట్లో ఉంచుకోండి. కొనేటప్పుడు ట్యూబు వాల్వు మోటార్ సైకిల్ వాల్వులా లావుగా ఉందో లేదో కూడా చూడండి. అలా ఉంటే ఊళ్లో ఏ పంక్చర్ షాపులోనైనా గాలి కొడతారు. సన్నటి వాల్వుకి అడాప్టర్ వేరే కావాలి.

ముందు షాక్ ఉంటే ఉండనివ్వండి. మీ బడ్జెట్‌లో వచ్చేది స్ప్రింగు షాకే, గాలితో సర్దుకునేది కాదు. దానికోసం పరుగెత్తకండి. దాన్ని బిగించేసే లాక్ మీట ఉంటే చాలు, తారు రోడ్డు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు లాక్ చేస్తే కాలి బలం వృథా పోదు. ముందు షాక్ అసలు లేని సైకిల్ మీకు బాగా కుదిరినా నేను వద్దనను.

సీటు విషయంలో కూడా మెత్తదనం మోసం చేస్తుంది. పరుపులాంటి జెల్ సీటు షాపులో రెండు నిమిషాలు హాయిగా ఉంటుంది. అరగంటయ్యాక కూర్చునే ఎముకలు అందులోకి దిగిపోయి, మధ్యలోని మెత్తటి భాగం మీద ఒత్తిడి పడుతుంది. తిమ్మిరి వచ్చేది అప్పుడే. మీ ఎముకల మధ్య దూరానికి సరిపోయే వెడల్పు, ఓ మాదిరి గట్టిదనం, మధ్యలో గాడి, ఇవి కావాలి. కొలవడం ఇంట్లోనే అవుతుంది. అట్టపెట్టె ముక్క ఒకటి చెక్క కుర్చీ మీద వేసి, కొంచెం ముందుకు వంగి ఓ నిమిషం కూర్చుంటే రెండు గుంటలు పడతాయి. వాటి మధ్యల దూరం కొలిచి, దానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే మీ సీటు వెడల్పు. మొదటి వారం రోజులూ ఏ సీటైనా కాస్త నొప్పి పెడుతుంది, కంగారుపడి మార్చేయకండి. నడుము ఇంకా ఇబ్బంది పెడితే స్ప్రింగు ఉన్న సీటు గొట్టం, సస్పెన్షన్ సీట్‌పోస్ట్ అని అడగండి. వెనక షాక్ నుంచి మీరు ఆశిస్తున్న లాభం చాలావరకు దానితోనే వస్తుంది, అదీ తక్కువ ఖర్చుతో.

మోకాళ్ల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది పెద్దవాళ్లు భయంతో వాటిని పాడు చేసుకుంటారు. రెండు పాదాలూ నేలకి ఆనాలని సీటు కిందికి దించేస్తారు. అప్పుడు మోకాలు బాగా మడిచే తొక్కాల్సొస్తుంది, మోకాలి చిప్ప మీద భారం పడి ముందు వైపు నొప్పి పుడుతుంది. సరైన ఎత్తు చూడాలంటే గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి మడమ దాని మీద పెట్టండి. కాలు తిన్నగా చాపుకుంటే సరిపోయింది. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది. ఈ ఎత్తులో కూర్చుంటే పాదాలు నేలకి ఆనవు, ఆనక్కర్లేదు. ఆగేటప్పుడు సీటు దిగి రాడ్డు మీదుగా నిలబడాలి. రాడ్డు తక్కువ ఉండాలని పట్టుబట్టింది ఇందుకే. మొదటి రెండు వారాలు సీటు ఒక అంగుళం తక్కువలో పెట్టుకుని, ధైర్యం వచ్చాక పెంచండి. హ్యాండిల్ మీద మీట నొక్కితే సీటు దిగి, మళ్లీ నొక్కితే లేచే డ్రాపర్ పోస్ట్ అని ఒకటుంది. కుర్రాళ్లు దిగుడు దారుల కోసం వాడతారు గానీ, నా లెక్కలో దానివల్ల ఎక్కువ ఉపయోగం మన వయసు వాళ్లకే. ఇప్పుడు కాకపోయినా వచ్చే ఏడాది ఆలోచించండి.

గేర్ల లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు, అయినా అంకెలు పెడతాను. ముందు పళ్ల చక్రంలో ఎన్ని పళ్లో వెనకదానితో భాగించి చక్రం చుట్టుకొలతతో హెచ్చవేస్తే, పెడల్ ఒక చుట్టుకి సైకిల్ ఎంత దూరం పోతుందో వస్తుంది. 27.5 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. చవక సైకిళ్లలో చాలావాటికి ముందు చిన్నది 28, వెనక పెద్దది 28. అంటే అతి తేలిక గేరులో కూడా చుట్టుకి 2.2 మీటర్లు. ముందు 24, వెనక 34 ఉంటే ఒకటిన్నర మీటర్ల దగ్గరికొస్తుంది. మీ పాత సైకిల్ ఒక చుట్టుకి ఐదు మీటర్ల పైనే పోయేది, అప్పటి మోకాళ్లు వేరు. అనంతగిరి ఘాట్ ఎక్కడానికి మీకు ఒకటిన్నర మీటర్ల గేరే కావాలి. కాబట్టి 21 గేర్లా 24 గేర్లా అని అడగకండి. ముందు చిన్నదానికి ఎన్ని పళ్లు, వెనక పెద్దదానికి ఎన్ని పళ్లు అని అడగండి. షాపతనికి తెలియకపోతే కూర్చుని లెక్కపెట్టండి. ముందు ఒకే పళ్ల చక్రం ఉన్న కొత్త రకాల్లో ముందు 32, వెనక 46 ఉన్నా ఇదే లెక్క వస్తుంది, పైగా ఎడమ చేతికి గేరు మార్చే పనే ఉండదు. ఎత్తు మొదలవ్వకముందే గేరు తగ్గించండి. నిమిషానికి 70 చుట్లు అటూ ఇటూగా తేలిగ్గా తిప్పుతూ పోతే మోకాలికి మంచిది, భారీ గేరులో బలంగా తొక్కడం మంచిది కాదు.

బ్రేకులు వీలైతే హైడ్రాలిక్ డిస్క్, అంటే వైరు బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవి తీసుకోండి. ఒక్క వేలితో ఆగుతుంది, దిగుడులో చేతులు అలిసిపోవు. వైరు డిస్క్ అయినా పని జరుగుతుంది గానీ తరచూ సర్దాలి. ఏదైనా సరే, కుడి చేతిది ముందు బ్రేకేనా అని చూసుకోండి. మోటార్ సైకిల్‌లో మీ చేతికి అదే అలవాటు. హైడ్రాలిక్ ముందు బ్రేకు ఒక్కసారిగా గట్టిగా నొక్కితే మనిషి ముందుకి ఎగిరిపడతాడు. ఖాళీ మైదానంలో రెండూ కలిపి మెల్లగా నొక్కడం ఓ పూట సాధన చేయండి.

డబ్బు ఇలా పంచండి. సైకిల్‌కి 24,000, 25,000 మించొద్దు. మిగతాది హెల్మెట్, గ్రిప్పులు, అవసరమైతే హ్యాండిల్, సీటు, పంపు, ముందూ వెనకా లైట్లు, బెల్లు. మొత్తం సైకిల్‌కే పెట్టేసి, హ్యాండిల్ మార్చడానికి వెయ్యి రూపాయలు లేక నొప్పితో తొక్కడం అర్థం లేని పని. ఘాట్ ఎక్కడం ఎప్పటికీ కష్టమే అనిపిస్తే తర్వాత పెడల్ అసిస్ట్ ఎలక్ట్రిక్ సైకిల్, అంటే మనం తొక్కుతుంటే మోటారు సాయం చేసేది చూడండి. మోటారు 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉంటే లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. మీ బడ్జెట్‌లో వచ్చేవి బాగా బరువు, బ్యాటరీ అయిపోతే ఇంటికి తేవడం నరకం. అందుకే ఇప్పుడే వద్దంటున్నాను.

ఆన్‌లైన్‌లో పంపిస్తానంటే మీ అబ్బాయికి సున్నితంగా వద్దని చెప్పండి. పెట్టెలో సగం బిగించి వస్తుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ వెనక్కి తిప్పి బిగించిన సైకిళ్లు రోడ్ల మీద నేను చూస్తూనే ఉంటాను. పైగా తొడిగి చూడకుండా కొన్న చెప్పుల పరిస్థితే దీనిదీ. అంతకన్నా ఒక ఆదివారం మీ అబ్బాయినే వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్లండి. పెద్ద షాపులు రెండు మూడు తిరగండి. షాపు ముందు ఒక రౌండు కొట్టి రమ్మంటే ఒప్పుకోకండి, కనీసం ఇరవై నిమిషాలు తొక్కనివ్వమని అడగండి. వేళ్ల తిమ్మిరి మీకు పావుగంటకి వచ్చింది కదా, అంతసేపు తొక్కకుండా అది తెలియదు. తొక్కనివ్వని షాపులో కొనొద్దు.

కొన్న వారంలోనే ఘాట్ ఎక్కకండి. మొదటి నెల తారు రోడ్డు మీద, తర్వాత చదునుగా ఉన్న మట్టి దారుల్లో తిరగండి. దిగుడు దారిలో సీటు ఒక అంగుళం రెండంగుళాలు దించుకుని పోండి. వానాకాలంలో తడిసిన ఎర్రమట్టి బాగా జారుతుంది, ఆ రోజుల్లో తారు రోడ్డే మేలు. బీపీ మందు పొద్దున్నే వేసుకుంటారేమో, నీళ్లు తాగకుండా బయల్దేరకండి. ఛాతీలో బరువు, తల తిరగడం అనిపిస్తే అక్కడే దిగి కూర్చుని ఫోన్ చేయండి. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్తే మీ ఆవిడ టెన్షన్ కూడా సగం తగ్గుతుంది.

మొదటి నెలలో గేరు వైర్లు సాగి గేర్లు సరిగ్గా పడవు, చైన్ టకటకమంటుంది. అది సైకిల్ లోపం కాదు. చాలా షాపులు మొదటి సర్వీసు ఉచితంగా చేస్తాయి, బిల్లు మీద రాయించుకోండి. ఆ సర్వీసుకి వెళ్లినప్పుడే హ్యాండిల్ ఎత్తు, సీటు కోణం మళ్లీ సర్దించుకోండి, నెల తొక్కాక ఎక్కడ నొప్పో మీకే తెలిసి ఉంటుంది.